అదిమితే పక్కకి జరిగేది

"దూదిపింజా దూదిపింజా ఎక్కడికే పోతావు?
గాలి పిలిస్తే గాలి వెంట, వాన పిలిస్తే వాన వెంట,
అమ్మ పిలిస్తే..."

పాట అక్కడ ఆగిపోతుంది. అమ్మ పిలిస్తే ఆ దూదిపింజ ఏం చేస్తుందో పెద్దావిడకి గుర్తు లేదు. చిన్నతనంలో నోరు నొప్పి పుట్టేదాకా పాడుకున్న పాటే. ఇప్పుడు పాత పరుపు కుట్లు విప్పుతూ కూర్చుంటే ఎక్కణ్ణుంచో వచ్చి నాలిక మీద వాలుతుంది. సగం పాడేసరికి తుర్రుమంటుంది. పోనీలే, ఆ మాత్రమైనా మిగిలింది కదా అనుకుని మళ్ళీ మొదటికొస్తుంది.

ఆవిడది పరుపుల కొట్టు. ఒక పక్క పంచర్లు వేసే కొట్టు, ఇంకో పక్క తాళంచెవులు చేసే కొట్టు, మధ్యలో ఇది. జనం ఏళ్ళ తరబడి పడుకుని పడుకుని అట్టలా చేసేసిన పరుపుల్ని తెచ్చి పడేస్తారు. కుట్లు విప్పి, దూది బయటికి లాగి, ఏకే మిషన్‌లో వేస్తే, నల్లబడి బిగుసుకుపోయిన దూది కూడా పాలపొంగులా లేచి వస్తుంది. దాన్ని కొత్త గుడ్డలో నింపి దబ్బనంతో కుట్టి ఇస్తారు. మిషన్ ఎంత చేసినా ఆఖరి పని మాత్రం అరచేతులదే. పరుపు మీద మోకాళ్ళేసి కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుముతూ పోవాలి, ఎక్కడైనా దూది ఉండ కట్టిందేమోనని.

ఉండ తగిలితే అదమకూడదు. అదిమితే పోదు, పక్కకి జరుగుతుంది. ఇక్కడ చదునైందని సంబరపడితే అవతల ఇంకెవరి నడుం కిందో తేలుతుంది. కుట్టు విప్పి, దాన్ని బయటికి తీసి, వేళ్ళతో చీల్చి మళ్ళీ పింజ చెయ్యాల్సిందే. ఆ పని ఆవిడ కళ్ళు మూసుకుని చేస్తుంది.

కొట్టు ఆవిడ ఒక్కదానిదే కాదు, ఆవిడా తోడికోడలూ కలిసి పెట్టుకున్నది. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయాక, ఇక వీళ్ళిద్దరూ జుట్లు పట్టుకుంటారని చుట్టాలు ఎదురుచూశారు. వీళ్ళు ఒకే కొట్టు, ఒకే పొయ్యి పెట్టుకుని, ఒకరి జుట్టు ఒకరు దువ్వుకున్నారు. పెద్దావిడ కుట్టేది. చిన్నావిడ వ్యాను నడిపేది. వీధిలో వాళ్ళకి ఆవిడ డ్రైవరమ్మ, పెద్దావిడకి మాత్రం ఎప్పుడూ ‘చిన్నది’.

చిన్నదానికి ఒక్కతే కూతురు. సన్నగా, గలగలలాడుతూ, కుదురుగా ఒకచోట నిలవకుండా ఉంటుందని ‘పిచ్చుక’ అని పిలవడం మొదలుపెడితే అదే స్థిరపడిపోయింది. పెద్దావిడకి పిల్లల్లేరు గనక పిచ్చుకకి ఇద్దరమ్మలు. చదువుకుని ఆసుపత్రిలో స్కానింగు గదిలో ఉద్యోగం చేస్తోంది.

ఆ రోజు పొద్దున్నే తోడికోడళ్ళిద్దరూ ఒక హోటలు వాళ్ళకి పరుపులు ఇవ్వడానికి బయల్దేరారు. సన్నగా వాన పడుతోంది.

"అక్కా, బెల్టు పెట్టుకో."

"నన్ను సీటుకేసి కుట్టేసినట్టుంటుందే."

"కుట్టకపోతే దూది బయటికొస్తుంది మరి," అంది చిన్నది. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వు ఇంకా ఆగలేదు. వానలో, ఒక్క దీపమైనా వెలగకుండా, రోడ్డుకడ్డంగా ఆగి ఉన్న లారీ... అది లారీ అని తెలిసేలోపే వచ్చేసింది. చిన్నది బ్రేకు తొక్కింది. తొక్కుతూ ఎడమచెయ్యి చాచి పెద్దావిడ గుండెల మీద అడ్డంగా పెట్టింది. ముందు సీట్లో పిల్లని కూర్చోబెట్టుకున్న తల్లి చేసినట్టు.

జనం వచ్చి తలుపు ఊడదీసేసరికి చిన్నది స్టీరింగు మీదికి వాలిపోయి ఉంది. ప్రాణం లేదు. ఎడమచెయ్యి మాత్రం అక్క గుండెల మీద అలాగే ఉంది. దాన్ని వేలు వెంట వేలు విడదీసి తీశారు.

పెద్దావిడకి పక్కటెముకలు విరిగాయి, అతుక్కున్నాయి. బెల్టు ఒరుసుకున్న చోట ఎడమ భుజం నుంచి నడుం దాకా ఏటవాలుగా కమిలి, నీలమై, పసుపై, వెళ్ళిపోయింది. మిగిలినవి గడ్డలు. మెడ ఎముకకి కాస్త దిగువన, చర్మం కింద, గట్టిగా, ఒకదాని పక్కన ఒకటిగా నాలుగు. వాటికి ఎడంగా, కిందగా, కాస్త లావుగా ఇంకొకటి.

స్నానం చేస్తూ మొదటిసారి తడుముకున్నప్పుడే ఆవిడకి తెలిసింది. అరచేతులతో బతికిన మనిషి కదా. నీళ్ళు కారుతుండగానే అలా కూర్చుండిపోయింది. తర్వాత నెమ్మదిగా, ఎవరో వింటారేమోనన్నట్టు అంది.

"వెళ్ళలేదుటే నువ్వు..."

పిచ్చుక పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బయట మిట్టమధ్యాహ్నం, ఎండ పెళపెళలాడుతోంది. స్కానింగు గదిలో మాత్రం నల్లటి కర్టెన్లు, ఏసీ చప్పుడు, స్పిరిటు వాసన. తెర ఒక్కటే వెలుగు.

"చల్లగా ఉంటుంది పెద్దమ్మా, తిట్టకు."

"తిడతానే. నా ఒంటికి జిగురు పూస్తావా? ఇంక నన్ను గోడకి అంటించెయ్."

పిల్ల నవ్వింది. తల్లి పోయాక నవ్వడం అదే మొదలు. తెర మీద బూడిదరంగు వాన కురుస్తున్నట్టుంది. ఆ వానలో ఒక నల్లటి గింజ. పరికరం పక్కకి జరిపితే ఇంకొకటి. ఆపైన ఇంకొకటి.

డాక్టరమ్మ వచ్చి చూసింది. మంచి మనిషి, పక్కనే కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"బెల్టు బిగుసుకున్నప్పుడు లోపల కొవ్వు నలిగిపోతుందమ్మా. అది చచ్చి ఇలా గడ్డకడుతుంది. నెలల తరబడి ఉంటుంది. కేన్సరేమోనని అందరూ హడలిపోతారు. ఇవి అలాంటివి కావు. వాటంతటవే కరుగుతాయి. ఊరికే కెలక్కండి, అంతే. మళ్ళీ ఒకసారి చూద్దాం."

"బెల్టు ఇటు కదమ్మా పోయింది? ఇవి దాని మీద లేవు," అంది పెద్దావిడ.

"దెబ్బ చుట్టుపక్కలకి కూడా పాకుతుందమ్మా," అని భుజం తట్టి వెళ్ళింది డాక్టరమ్మ.

తలుపు పడింది. పిచ్చుక కుడిచేత్తో పరికరం పట్టుకునే ఎడమచెయ్యి తెచ్చి ఆ గడ్డల మీద పెట్టింది. ఒక్కో వేలు ఒక్కో గడ్డ మీద. సరిగ్గా కూర్చుంది.

"అమ్మ చెయ్యి కదూ?"

పెద్దావిడ తెర వైపు తల తిప్పింది.

"నాకు పట్టుకోవడానికి కూడా దొరకలేదు పెద్దమ్మా. నేనొచ్చేసరికే తీసుకెళ్ళిపోయారు..."

పిల్ల కన్నీళ్ళు ఆవిడ మెడ మీద పడ్డాయి. జిగురు చల్లగా, అవి వేడిగా. తెర వణుకుతోంది.

"ఏడవకు తల్లీ. బొమ్మ కదిలిపోతోంది చూడు."

"నువ్వు ఊపిరి బిగపట్టు పెద్దమ్మా, ఇంకొక్క బొమ్మ తీసుకుంటా."

ఆవిడ ఊపిరి బిగపట్టింది. తెర మీద వాన నిలిచిపోయింది. అంతా నిశ్చలం... ఏసీ చప్పుడు కూడా ఆగినట్టే ఉంది...

గింజ కదిలింది.

మెల్లగా... పురుగు పాకినట్టు కాదు, పడుకున్నవాళ్ళు నిద్రలో వేలు కదిపినట్టు. పిల్ల వేలు ఉన్న వైపుకి.

"చూశావా?" గుసగుసగా అడిగింది పిచ్చుక.

"ఏం చూడలేదు," అంది పెద్దావిడ. ఊపిరి అప్పుడు వదిలింది.

ఆ రోజు నుంచీ పిల్ల డ్యూటీ దిగగానే తిన్నగా కొట్టుకి వచ్చేది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, పెద్దావిడ పక్కన చేరి, ఆ గడ్డల మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. మొదట్లో పెద్దావిడకి ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఒకే చోట ముగ్గురూ ఉన్నట్టు. కానీ పిల్ల తిండి తగ్గింది. మాట తగ్గింది. పంచరు కొట్టతను కూడా, "ఏంటమ్మా, మన పిచ్చుక కూయడం మానేసింది?" అని అడిగాడు. సినిమాకి రమ్మని స్నేహితురాళ్ళొస్తే, "అమ్మ దగ్గరికి వెళ్ళాలి," అందట.

ఆ మాట పెద్దావిడ చెవిన పడింది. ఇవి ఉన్నంతకాలం ఈ పిల్ల బతుకు ఇక్కడే పాతుకుపోతుంది. ఇవి పోవాలి. చిన్నది మళ్ళీ ఒకసారి పోవాలి. దాన్ని తనే పంపించాలి.

డాక్టరమ్మ కెలకొద్దంది. అయినా చేతులు ఊరుకోలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు షట్టరు సగం దించి, గోడకి చేరగిలబడి, అరచేతి మొదలుతో అదమడం మొదలుపెట్టింది. కాపడం పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి. తన జీవితమంతా ఉండని అదమకూడదని పనివాళ్ళకి చెప్పిన మనిషి, తన ఒంటికొచ్చేసరికి ఆ మాటే మరిచిపోయింది. మనిషిని కుట్లు విప్పి చూడలేం కదా మరి.

ముందు చివరి గడ్డ మెత్తబడింది. తర్వాత కరిగింది. చిన్నదాని చిటికెన వేలు. ఆ పూట ఆవిడ అన్నం ముందు కూర్చుని, "నన్ను క్షమించవే," అని కంచానికి చెప్పుకుంది. ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత మూడోది.

"తగ్గిపోతున్నాయే," అని పిల్లకి చెప్పింది.

పిచ్చుక ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. పైగా ఆ మధ్య కాస్త తేరుకున్నట్టే ఉంది. బాగు చేయించి ముందు భాగం మార్పించిన పాత వ్యానునే వేసుకుని ఆసుపత్రికి వెళ్ళొస్తోంది. అమ్మెయ్యమంటే వినలేదు.

ఒక సాయంత్రం మబ్బు కమ్మి, పొద్దుండగానే చీకటి పడిపోయింది. కరెంటు పోయింది. ఏకే మిషన్ గుర్రుమంటూ ఆగింది. గాల్లో దూది నలకలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. పిచ్చుక అప్పుడే వచ్చి, చిన్నప్పటి అలవాటు కొద్దీ కొత్తగా కుట్టిన పరుపు మీద వెల్లకిలా పడింది.

"నేను పాసు చేస్తేనే ఈ పరుపు బయటికి పోవాలి," అంది కళ్ళు మూసుకుని.

"పాసు చెయ్యవే పెద్ద ఇంజనీరువి. జరుగు, అంచు చూడాలి."

పెద్దావిడ మోకాళ్ళేసి కూర్చుంది. ఏమీ కనిపించడం లేదు. ఆవిడకి అక్కర్లేదు కూడా. అరచేతులు పరుపు మీద పాకుతున్నాయి. చదును... చదును... కుట్టు... పిల్ల మోచెయ్యి... మళ్ళీ చదును... ఉండ.

ఉండ తగిలింది. చిన్నది, గట్టిది. వేళ్ళు అలవాటుగా చుట్టూ తిరిగాయి. పక్కనే ఇంకొకటి. అబ్బ, ఎవరు నింపారీ పరుపు? ఇంకొకటి కూడా... అదిమింది.

"అబ్బా... నొప్పి పెద్దమ్మా!"

చెయ్యి ఆగిపోయింది.

చెయ్యి పరుపు మీద లేదు.

వాన ఇంకా మొదలవలేదు. గాలి లేదు. పిల్ల ఊపిరితో పాటు అరచెయ్యి లేస్తోంది, దిగుతోంది...

"ఎప్పట్నుంచే ఇవి?"

"ఏమో... నీకు తగ్గుతున్నాయి అన్నప్పట్నుంచీ."

"చెప్పలేదేం?"

"చెప్తే తీయించేస్తావు." పిల్ల గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "నాకు బాగుంది పెద్దమ్మా. పడుకుంటే పట్టుకున్నట్టుంటుంది."

పిల్ల దగ్గర మూడు. తన దగ్గర రెండు. పెద్దావిడ మనసులో లెక్క సరిపోయింది. సరిపోయాక ఆవిడ చెయ్యి తీసేసుకుంది. లేచి, తడుముకుంటూ షట్టరు దగ్గరికి వెళ్ళి, బయట నిలబెట్టి ఉన్న వ్యాను వైపు తిరిగి, పిల్లకి వినపడకుండా అంది.

"చిన్నదానా... నన్ను పట్టుకోవే. పిల్లని వదిలెయ్. నీకు దణ్ణం పెడతా."

వ్యానుకి తాళం వేసి ఉంది. లోపల ఎవరూ లేరు.

లోపల్నుంచి చప్పుడైంది. సీటు బెల్టు బయటికి లాగిన చప్పుడు... సర్రున. కాస్త ఆగి... టక్కున తగిలించిన చప్పుడు.

మర్నాటి నుంచి ఆవిడ అదమడం మానేసింది. మిగిలిన రెండూ కదలకుండా పాత పరుపుగుడ్డ చించి గుండెల చుట్టూ బిగించి కట్టుకుంది. ఊపిరాడక ఎగశ్వాస వచ్చినా విప్పలేదు. ఒక వేలైనా తనని పట్టుకుని ఉంటే, ఆ చెయ్యి పూర్తిగా పిల్ల దగ్గరికి పోలేదని ఆవిడ ఆశ. కానీ ఒకనాడు నిద్రలేచి కట్టు విప్పుకుంటే కింద ఏమీ లేదు. చర్మం నున్నగా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పెద్దావిడని చూసి సంతోషించింది. "చూశారా, వాటంతటవే పోయాయి." పెద్దావిడ పిచ్చుకని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అదే మంచం మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ చూసింది. మొహంలో నవ్వు తగ్గింది. సూది గుచ్చి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక కబురు పెట్టింది.

"భయపడాల్సిందేమీ లేదు. కేన్సరు కాదు. మీ పెద్దమ్మకి వచ్చినవే, దెబ్బ తగిలితే వచ్చే గడ్డలు." తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఏదైనా ప్రమాదం జరిగిందా నీకు? గుండెకి గట్టిగా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

పిచ్చుక నవ్వింది.

"ఇంకా తగల్లేదు మేడం."

డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో నవ్వనిది పెద్దావిడ ఒక్కతే.

ఆ తర్వాత ఆవిడ పిల్లని వ్యానులో ఒంటరిగా పంపలేదు. పొద్దున కొట్టు తీయకుండానే ఎక్కి పక్క సీట్లో కూర్చునేది. ఆసుపత్రి దగ్గర దిగి బస్సులో కొట్టుకొచ్చేది. సాయంత్రం మళ్ళీ బస్సెక్కి పోయేది. పంచరు కొట్టతను, "ఏంటమ్మా, ఎల్‌కేజీ పిల్లని దింపొస్తున్నారా?" అని ఆటపట్టిస్తే, "అవును నాయనా, ఇంకా అక్షరాలు రాలేదు దానికి," అనేది.

దారి పొడుగునా ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో సిద్ధంగా ఉండేది. బ్రేకు పడగానే చాచి ఆ పిల్ల గుండెలకి అడ్డం పెట్టడానికి. ఆపాల్సి వస్తే ఈసారి తనే ఆపుతుంది, చచ్చిన చెయ్యి కాదు, బతికున్న చెయ్యి ఆపుతుంది అనుకునేది. కానీ పిల్ల నెమ్మదిగా నడిపేది. ఏ రోజూ గట్టి బ్రేకు పడలేదు. ఏ రోజూ ఆ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

ఆ పొద్దున కూడా బయల్దేరేదే. చెప్పులేసుకుంటుంటే ఒకతను ఆటోలో పరుపు వేసుకుని వచ్చి, ఇంట్లో మనిషి మంచాన పడ్డారు, మెత్తగా చేసివ్వండి అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాదనలేకపోయింది. పరుపు దింపించి, కొలత చూసి, అతనికి ధైర్యం చెప్పేసరికి ఆలస్యమైంది. పిచ్చుక హారను కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

"డ్యూటీకి టైమైపోతోంది పెద్దమ్మా! ఇవాళ్టికి నేనే పోతాలే!"

"ఆగవే, వచ్చేస్తున్నా..."

ఆవిడ పరుగులాంటి నడకతో గుమ్మం దాటేసరికి వ్యాను కదులుతోంది. పిల్ల కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒక మాట చెప్పి, చెయ్యి ఊపి, వీధి మలుపు తిరిగింది.

వంతెన దిగే చోట, రోడ్డు పక్కన, బుద్ధిగా ఆపి ఉన్న వ్యానుని మధ్యాహ్నానికి కనుక్కున్నారు. ఎక్కడా సొట్ట లేదు. గీత లేదు. ఇంజను ఆడుతూనే ఉంది. వాన లేకపోయినా అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. తలుపులు లోపల్నుంచి వేసి ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. బెల్టు మాత్రం తగిలించే ఉంది, మనిషి కూర్చున్నంత ఎత్తున, బిగువుగా, గాలిని పట్టుకుని. అద్దం పగలగొట్టిన పోలీసాయన దాన్ని వదులు చెయ్యబోతే చాలాసేపటిదాకా ఊడి రాలేదట.

నీళ్ళలో వెతికారు. పొదల్లో వెతికారు. ఇంకా వెతుకుతున్నామనే అంటున్నారు.

పెద్దావిడ ఇప్పుడు కొట్టు సరిగ్గా తీయదు. షట్టరు సగం దించుకుని, గోడకి చేరగిలబడి, అరచేతులతో తన గుండెల మీద తడుముకుంటూ ఉంటుంది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, ఒక్క ఉండైనా మళ్ళీ తగులుతుందేమోనని. ఏమీ తగలదు. కొత్తగా కుట్టిన పరుపంత చదునుగా ఉంటుంది. ఒక్కోసారి కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు విడదీసి, వెలుతురుకి పట్టి చూసుకుంటుంది. ఎవరిదో అరువు తెచ్చుకున్న చెయ్యిలా చూస్తుంది. పంచరు కొట్టతను పలకరిస్తే, పిల్ల వెళ్తూ వెళ్తూ ఏమందో అతనికి చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ఆ మాటలే, అదే వరసలో, ఆ పిల్ల నవ్వినచోట తనూ నవ్వబోయి ఆగిపోతూ చెబుతుంది. అతను మాత్రం ఆ చెయ్యి వైపు చూడకుండా తల దించుకుంటాడు.

"పెద్దమ్మా, నీకొకటి చెప్పడం మర్చిపోయా. పొద్దున స్నానం చేస్తుంటే చూశా, రెండో పక్క కూడా వచ్చాయి. ఇవి అమ్మవి కావు. వేలు వేలు పెట్టి చూసుకున్నా... ఇది నీ చెయ్యే!"